కథలలోని మాట, చట్టములోని ఒడంబడిక

బాల్యము నుండి మనము విన్న కథలలో పెక్కు కథలు ఎవరో యొకరు మాట యిచ్చుటతో మొదలగును. ఆ మాట నిలుచుటయో, తప్పుటయో కథకు ప్రాణమగును. దశరథుడు కైకకు వరము లిచ్చెను. అయోధ్య శోకమున మునిగెను. ధర్మరాజు పందెము లొడ్డెను, రాజ్యము చేజాఱెను. పరదేశపు కథలును ఇట్టివే. హామెలిన్ పురజనులు ఒక వేణువాదకునకు ఒప్పుకొన్న సొమ్ము ఈయక పోయిరి. ఆ యూరి బిడ్డలు మాయమైరి. ఇట్టి కథలు చదువునపుడు మన మనస్సు రెండుగా చీలును. ‘ఆడిన మాట తప్పరాదు కదా!’ యని యొక సగము పలుకును. ‘ఇంత క్రూరమైన మాటను నిలుపవలెనా?’ యని రెండవ సగము వాపోవును.

ఈ సందేహము కథలు చదువువారికి మాత్రమే కలుగునది కాదు. అప్పుపత్రముపై వ్రేలిముద్ర వేయు రైతునకు, కూలి మాటాడుకొని పనిలోనికి దిగు కార్మికునకు, అద్దెయింట చేరు గృహస్థునకు ఏదో యొకనాడు ఇది యెదురగును. ఏ మాటకు కట్టుబడవలెను? ఏ మాట నుండి విడుదల పొందవచ్చును? దీనికి సమాధానము చెప్పుటకే ఒడంబడికల చట్టము పుట్టినది. మన దేశమున ఈ చట్టము 1872వ సంవత్సరమున చేయబడి, ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీన అమలులోనికి వచ్చినది. 150 ఏండ్లు గడచినను అది నేటికిని మన వ్యవహారములకు ఆధారముగ నున్నది.

విద్యార్థులారా! మీరెఱిగిన కొన్ని కథలను, ఎఱుగని కొన్ని కథలను ఈ పాఠమున న్యాయస్థానపు మెట్లెక్కించి చూతము. అయోధ్యకు గాని హామెలిన్ నగరమునకు గాని మన చట్టము వర్తింపదు. ఆయా కాలములకు, ఆయా దేశములకు వేఱు ధర్మములు కలవు. అయినను బట్టను కొలుచుటకు గజముబద్దను పట్టుకొన్నట్లు, ఇచ్చిన మాటలను కొలుచుటకు మన చట్టమును చేత బట్టుకొందము. మొదట పరదేశపు కథలతో ఆ కొలతను నేర్చుకొని, చివరకు దశరథుని మందిరమునకు వత్తము.

నాలుగు ప్రశ్నలు

చట్టము మొట్టమొదట ఒక భేదమును పాటించును. ఇరువురు కలిసి ఒప్పుకొన్నది ఒప్పందము. న్యాయస్థానముచేత నెరవేర్పించుకొనదగిన ఒప్పందము ఒడంబడిక. ‘రేపు మీ యింటికి భోజనమునకు వత్తును’ అని మిత్రునితో నన్నచో అది ఒప్పందమే గాని ఒడంబడిక కాదు. రానిచో మిత్రుడు అలుగునే గాని దావా వేయడు. ‘రేపు మీ బావి పూడిక తీయుదును, రెండువేల రూపాయలు ఈయవలెను’ అని యొకడనగా, మీ తండ్రిగారు సరే యన్నచో అది ఒడంబడిక.

ఒప్పందము ఒడంబడిక యగుటకు కావలసిన లక్షణములను చట్టము చెప్పినది. వానిని నాలుగు ప్రశ్నలుగా జ్ఞాపకముంచుకొనవచ్చును. మొదటిది: ఇరుపక్షములవారును ఒకే విషయమును ఒకే అర్థములో అంగీకరించిరా? రెండవది: ఆ అంగీకారము నిర్బంధము, అనుచిత ప్రభావము, మోసము మొదలగు దోషములు లేక స్వేచ్ఛగా నిచ్చినదేనా? మూడవది: ఇరువురును యుక్తవయస్కులై, స్వస్థచిత్తులై యున్నారా? నాల్గవది: ఇచ్చిపుచ్చుకొను ప్రతిఫలము కలదా? ఆ ప్రతిఫలమును, ఒప్పందపు ఉద్దేశమును న్యాయసమ్మతములేనా?

మూడవ ప్రశ్న మీకు మిక్కిలి దగ్గఱ సంబంధము కలది. మన దేశమున సాధారణముగ 18 ఏండ్లు నిండువఱకు ఎవ్వరును ఒడంబడికకు తగినవారు కారు. మైనరు చేసికొన్న ఒప్పందము మొదటినుండియు చెల్లనిదేయని 1903లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. మీ మాటకు విలువ లేదని దీని యర్థము కాదు. మీ తెలియనితనమును ఇతరులు సొమ్ము చేసికొనకుండ చట్టము అడ్డు నిలుచుచున్నదని యర్థము.

వేణువాదకుని కూలి

జర్మనీ దేశమున వేసర్ నదీతీరమున హామెలిన్ అను నగరము కలదు. 1284వ సంవత్సరమున అచట 130 మంది బిడ్డలు కనబడకుండ పోయిరని ఆ నగరపు ఐతిహ్యము. గ్రిమ్ సోదరులు 1816లో దానిని తమ సంపుటమున చేర్చిరి. ఆంగ్లకవి రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో దానిని కావ్యముగ ప్రకటించెను. బ్రౌనింగ్ చెప్పిన కథ యిది.

నగరమున ఎలుకలు పెచ్చుపెరిగినవి. ఇంట గింజ నిలువలేదు. తొట్టెలలోని పసిబిడ్డలకును రక్షణ లేకపోయెను. అప్పుడు రంగురంగుల దుస్తులు ధరించిన యొక అపరిచితుడు పురాధ్యక్షుని యెదుటికి వచ్చి, ఎలుకల పీడ వదలించినచో తనకు వేయి గిల్డర్ల నాణెము లిత్తురా యని యడిగెను. వేయి కాదు, ఏబదివేలైనను ఇత్తుమని సభవారు పొంగిపోయి పలికిరి. అతడు వేణువు నూదుచు వీధుల వెంట నడచెను. ఎలుకలు గుంపులు గుంపులుగా వెంటబడి నదిలో మునిగి చచ్చినవి. అతడు వచ్చి తన వేయి గిల్డర్లు అడిగెను. పురాధ్యక్షుడు నవ్వి, ఆ మాట వేళాకోళమునకు అన్నదనియు, ఏబది పుచ్చుకొని పొమ్మనియు పలికెను. వేణువాదకుడు మరల వీధిలోనికి పోయి మఱియొక రాగము నూదెను. ఈసారి వెంట నడచినవి ఎలుకలు కావు, ఊరి బిడ్డలు. వారు కొండలోనికి పోయి మరల రాలేదు. కుంటివాడగుటచే వెనుకబడిన యొక బాలుడు మాత్రము మిగిలెను.

ఈ కథలో ఒడంబడిక కలదా? కలదు. వేణువాదకుడు పని చెప్పెను, వెల చెప్పెను, సభవారు ఒప్పుకొనిరి, అతడు పని నెరవేర్చెను. కాగితము లేదు కదా యని మీ రనవచ్చును. సాధారణముగ నోటిమాటతోను ఒడంబడిక యేర్పడును. కాగితము సాక్ష్యమునకు మేలు. ‘వేళాకోళమునకు అంటిమి’ అను సాకు నిలువదు. మాటాడినవాడు మనస్సులో దాచుకొన్న దానిని చట్టము వెదకదు. వినిన వివేకి దానిని ఎట్లు గ్రహించునో చూచును. అయినచో ఏబదివేలు ఈయవలెనా? అక్కఱలేదు. అది సంతోషమున వెలువడిన పొంగుమాట. వేణువాదకుడును తరువాత వేయియే యడిగెను; కావున ఇరువురికిని ఒకే అర్థమున తెలిసిన సంఖ్య వేయియే.

పని చేసినవానికెల్ల బహుమానము దావా వేసి తీసికొను హక్కు ఉండదు. దీనికొక నిజమైన వ్యాజ్యము ఉదాహరణము. తప్పిపోయిన బాలుని వెదకుటకు యజమాని తన ఉద్యోగిని హరిద్వారమునకు పంపెను. అతడు పోయిన తరువాత, బాలుని కనుగొన్నవారికి 501 రూపాయలు ఇత్తునని ప్రకటించెను. ఆ ప్రకటన తెలియకయే ఉద్యోగి బాలుని కనుగొనెను. పిమ్మట సొమ్ము కొఱకు దావా వేయగా, 1913లో అలహాబాదు హైకోర్టు అతనికి హక్కు లేదని తీర్పు చెప్పెను. తెలియని ప్రతిపాదనను అంగీకరించుట యెట్లు సాధ్యము? మన వేణువాదకుడు అట్లు కాదు. మాట కుదుర్చుకొన్న పిమ్మటనే వేణువు నూదెను.

న్యాయము అతని పక్షమున నున్నది. అయినను అతడు దానిని దాటిపోయెను. ఒడంబడిక తప్పినవానినుండి నష్టపరిహారము పొందవచ్చును గాని, ఒడంబడికలో లేనివారిపై పగ తీర్చుకొనరాదు. మాట తప్పినవాడు పురాధ్యక్షుడు. తల్లులకు దూరమైనవారు బిడ్డలు. మోసపోయినవాడు తానే వేణువు నెత్తుకొనవలసిన పని లేకుండుటకే ఊరికి న్యాయస్థానము కావలెను.

పుట్టబోవు బిడ్డ

గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన కథలలో రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కథ యొకటి. ఒక పిండిమర యజమాని తన కూతురు గడ్డిని బంగారపు నూలుగా వడుకగలదని రాజునొద్ద గొప్పలు చెప్పెను. రాజు ఆమెను గడ్డి నిండిన గదిలో బంధించి, తెల్లవాఱునప్పటికి వడుకనిచో ప్రాణము దక్కదని చెప్పెను. ఆమె యేడ్చుచుండగా ఒక వింత పొట్టివాడు వచ్చి ఆ పని చేసిపెట్టెను. మొదటి రాత్రి అతడు కంఠహారమును, రెండవ రాత్రి ఉంగరమును పుచ్చుకొనెను. మూడవ రాత్రి ఆమెయొద్ద ఈయదగిన దేమియు లేకపోయెను. ‘నీవు రాణివైన పిమ్మట పుట్టు తొలి బిడ్డ నిమ్ము’ అని అతడడిగెను. గత్యంతరము లేక ఆమె ఒప్పుకొనెను. బిడ్డ పుట్టగానే అతడు వచ్చి నిలిచెను.

ఇచట ప్రతిఫలము కలదు; గడ్డి బంగారమైనది, ఆమె ప్రాణము నిలిచినది. కాని అంగీకారము స్వేచ్ఛగా నిచ్చినదేనా? ప్రాణము తీయుదునని బెదిరించినది రాజు, పొట్టివాడు కాదు. నిర్బంధమునకు చట్టము చెప్పిన లక్షణమేమనగా, ఒప్పందము చేయింపవలెనను తలంపుతోనే బెదిరింపు జరిగియుండవలెను. రాజునకు అట్టి తలంపు లేదు. పొట్టివాని సంగతియే అతడెఱుగడు. కావున దీనిని నిర్బంధమనుట కష్టము. అయితే చట్టములో అనుచిత ప్రభావమను మాట యున్నది. మనోవేదనచేత తన మేలు తాను తెలిసికొనలేని స్థితిలో నున్నవారిపై పైచేయి సాధించి, అన్యాయమైన లాభము పొందుట ఆ కోవలోనిది. ఆ రాత్రి ఆ పిల్ల స్థితి అదియే.

ఇంతకంటె బలమైన కారణము వేఱొకటి కలదు. బిడ్డ వస్తువు కాదు. కంఠహారము వలె, ఉంగరము వలె చేతులు మార్చదగినది కాదు. ఒప్పందపు ఉద్దేశము నీతికి గాని లోకహితమునకు గాని విరుద్ధమైనచో అది చెల్లదని 23వ సెక్షను చెప్పుచున్నది. ఎవ్వరెంత సంతోషముగ సంతకము చేసినను దానికి విలువ లేదు.

ఇది వింతకథ మాత్రమే యని తలంపకుడు. తండ్రి తెచ్చిన అప్పునకు కొడుకు షావుకారు పశువులను కాయుట, ఆ అప్పు తీరక ముందే మఱియొక అప్పు చేరుట మన గ్రామములందును జరిగినదే. ఆ బాలురు బడి ముఖము చూడక పెద్దవారైరి. బిడ్డల శ్రమను తాకట్టు పెట్టు ఒప్పందములు చెల్లవని 1933లో ఒక చట్టము వచ్చెను. మన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిచాకిరిని నిషేధించినది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము చేయబడినది. ‘నీ తండ్రి మాట యిచ్చినాడు’ అని యొక బాలుని మెడకు కాడి కట్టుటకు నేడు వీలులేదు. రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ పేరును రాణి కనిపెట్టుటచే ఆమె బిడ్డ దక్కెను. ఈ బిడ్డలకు ఆ పేరు కనిపెట్టి యిచ్చినది చట్టము.

పదునాలుగవ పాలు

ఇక ఉత్తరముతో మొదలైన ఒడంబడిక నొకటి చూతము. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగ నుండిన జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1937లో ‘ది హాబిట్’ అను అద్భుతకథను ప్రకటించెను. హాబిట్లు పొట్టివారు, శాంతస్వభావులు, భోజనప్రియులు. వారిలో బిల్బో యను నతని యింటికి ఒకనాడు 13 మంది మరుగుజ్జు జాతివారు వచ్చి విందారగించిరి. వారి నాయకుడు థోరిన్. స్మాగ్ అను డ్రాగన్, అనగా నిప్పులు గ్రక్కు రెక్కల సర్పము, వారి పూర్వుల పర్వతనగరము నాక్రమించి నిధిపై పండుకొని యున్నది. ఆ నిధిని రహస్యముగ చేజిక్కించుకొనుటకు వారికి బిల్బో సహాయము కావలెను.

మఱునాడు బిల్బో నిద్ర లేచునప్పటికి వారు వెడలిపోయిరి. గడియారము క్రింద నొక ఉత్తరమున్నది. లాభము వచ్చినచో అందులో 14వ వంతునకు మించకుండ అతని పాలు. ఏమైనను ప్రయాణపు ఖర్చులు వారివే. అవసరమైనచో అంత్యక్రియల ఖర్చును వారిదే. 11 గంటలకు సత్రమున కలిసికొనవలెను. బిల్బో ప్రత్యుత్తరము వ్రాయలేదు. టోపీని, చేతికఱ్ఱను సైతము మఱచి సత్రమునకు పరుగెత్తెను. ఊరకుండుట అంగీకారము కాదు. కాని ప్రతిపాదనలోని పనికి పూనుకొనుట అంగీకారమేయని చట్టము చెప్పుచున్నది. బిల్బో పరుగే అతని సంతకము.

దొంగతనమునకు కుదుర్చుకొన్న ఒప్పందము చెల్లునా? చెల్లదు. 1725లో ఇంగ్లండున ఒక దారిదోపిడిగాడు దోపిడి సొమ్ములో తన వాటా కొఱకు తోడిదొంగపై దావా వేసెను. న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చి, అట్టి దావా తెచ్చిన న్యాయవాదులకు జుల్మానా విధించెను. అయితే థోరిన్ వెదకినది ప్రధానముగ తన పూర్వుల సొత్తు. తన సొత్తును తాను పొందగోరుట దొంగతనము కాదు గనుక బిల్బో ఒడంబడిక ఈ ప్రశ్నను దాటగలదు.

చిక్కు పిమ్మట వచ్చినది. బిల్బో తన 14వ పాలును తానే యేరుకొనవచ్చునని థోరిన్ చెప్పియుండెను. నిధిలో ఆర్కెన్‌స్టోన్ అను మహామణి బిల్బోకు దొరికెను. అతడు దానిని దాచుకొనెను. తరువాత థోరిన్ ఆ మణి తనదేయనియు, దాచినవానిని విడువననియు ప్రకటించెను. ఇరువురి మధ్య కుదిరిన షరతును ఒక్కరే మార్చరాదు. ఆ లెక్కన బిల్బో పక్షమున కొంత బలము కలదు. కాని ‘ఏరుకొనుము’ అనునపుడు థోరిన్ మనస్సులో ఆ మణి యున్నదా? లేదని బిల్బోకే లోలోపల తోచెనని టోల్కీన్ వ్రాసినాడు. పైగా పంపకము జరిగిన పిమ్మట ఏరుకొనుట వేఱు, జరుగకముందే దాచుకొనుట వేఱు. ఒకే మాటను ఇరువురు రెండర్థములలో తీసికొన్నచో ఎంతటి కలహము పుట్టునో ఈ ఘట్టము చెప్పును.

బిల్బో ఆ మణిని తన కొఱకు ఉంచుకొనలేదు. యుద్ధము నాపవలెనని దానిని ఎదుటి పక్షము చేతిలో పెట్టెను; తన పాలును వదలుకొనుటకు సిద్ధపడెను. తుదకు ఇంటికి తీసికొనిపోయినది రెండు చిన్న పెట్టెలు మాత్రమే. ఒకటి బంగారము, ఒకటి వెండి. హక్కు 14వ వంతు వఱకు కలదు. అతడు పుచ్చుకొన్నది ఒక పొట్టిగుఱ్ఱము మోయగలిగినంత.

జూదమాడిన సభ

ఇప్పుడు మన కథలకు వత్తము. నన్నయభట్టు తెనిగించిన సభాపర్వమున జూదఘట్టము మీరు వినియేయుందురు. దుర్యోధనుని పక్షమున శకుని పాచికలు వేసెను. ధర్మరాజు ధనమును, రాజ్యమును, తమ్ములను, తుదకు తన్నును ఒడ్డి యోడెను. ఆపై శకుని ప్రేరేపింపగా ద్రౌపదిని ఒడ్డి యోడెను.

పందెపు ఒప్పందములు చెల్లవని మన చట్టపు 30వ సెక్షను. పందెమున గెలిచిన సొమ్ము కొఱకు దావా వేయుటకు వీలులేదు. ఏలయన, పందెమున శ్రమ లేదు, సరకు లేదు. ఒకని నష్టమే మఱియొకని లాభము. మనుష్యులను ఒడ్డుటయైనచో నీతివిరుద్ధము గనుక మొదటికే చెల్లదు.

అయితే చట్టము తెలిసిన న్యాయవాది వేయదగిన ప్రశ్నను ఆ సభలో ద్రౌపదియే వేసెను. తన భర్త తన్ను ముందోడెనా, తన్నోడి పిమ్మట నన్నోడెనా యని యామె యడిగెను. తనకే స్వాతంత్ర్యము లేనివాడు మఱియొకరిని ఒడ్డుటకు హక్కెక్కడిది? తనకు లేని హక్కును ఎవ్వడును ఇతరునకు ఈయజాలడను సూత్రమును నేటి న్యాయస్థానములును పాటించుచున్నవి. భీష్ముడు ధర్మము సూక్ష్మమని ఊరకుండెను. కౌరవులలో వికర్ణుడొక్కడు ఆమె పక్షమున పలికెను. సభ తీర్పు చెప్పకపోయెను. కావుననే ఆ కథ కురుక్షేత్రము వఱకు నడచెను. న్యాయమైన ప్రశ్నకు సభ మౌనము వహించినచో దాని ఫలము ఎంత దారుణమో వ్యాసుడు చూపినాడు.

రెండు వరములు

తుదకు అయోధ్యకు చేరితిమి. శంబరునితో జరిగిన యుద్ధమున గాయపడిన దశరథుని కైక రణభూమినుండి తప్పించి రక్షించెను. సంతోషించిన రాజు రెండు వరములిచ్చెను. కావలసినపుడు అడుగుదునని యామె అనెను. ఏండ్లు గడచినవి. రామునకు పట్టాభిషేకము నిశ్చయమైన వేళ ఆమె ఆ వరముల నడిగెను: భరతునకు పట్టము, రామునకు 14 ఏండ్ల వనవాసము.

వాల్మీకి చెప్పిన ఈ ఘట్టమును మన ప్రశ్నలతో కొలుతము. కైక సేవ చేసినపుడు వరముల మాట లేదు. సేవ ముగిసిన పిమ్మట రాజు మాట యిచ్చెను. దీనికి ప్రతిఫలము కలదా? సాధారణముగ ప్రతిఫలము లేని మాట చెల్లదు. కాని ఒకరు తనంతట తాను చేసిన మేలునకు బదులుగా పిమ్మట ఇచ్చిన మాట చెల్లునని 25వ సెక్షను చెప్పుచున్నది. చట్టమే యిచ్చిన ఉదాహరణము: ఒకని డబ్బుసంచి మఱియొకనికి దొరకును, అతడు దానిని తెచ్చియిచ్చును, సొంతదారు 50 రూపాయలిత్తునని చెప్పును. అది ఒడంబడికయే. కావున ఈ ప్రశ్నలో కైక గెలిచినది.

రెండవ ప్రశ్నలో నామె యోడును. ‘ఏది కోరిన నది’ అను మాటకు హద్దేది? అర్థము నిశ్చయింపరాని ఒప్పందము చెల్లదని 29వ సెక్షను. ఏ నూనెయో చెప్పక ‘నూఱు టన్నుల నూనె’ అమ్ముదునని ఒప్పుకొన్నచో అది చెల్లదు. హద్దులేని వరము అంతకంటె అనిశ్చితము కాదా? కైక కోపగృహమున నుండగా రాజు రామునిపై ఒట్టు పెట్టుకొని మరల మాట యిచ్చినపుడును ఆమె యేమడుగునో అతడెఱుగడు.

మఱియొక సంగతి కలదు. రాజు బ్రతిమాలగా, విషము త్రాగి చత్తునని కైక బెదిరించెను. ఇట్టి బెదిరింపును గూర్చి 1917లో మద్రాసు హైకోర్టు విచారించెను. ప్రాణము తీసికొందునని బెదిరించి ఒకడు తన భార్యచేతను, కుమారునిచేతను తన సోదరునికి ఆస్తి వదలుకొను పత్రము వ్రాయించెను. న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు అది నిర్బంధమే యనిరి. ఆత్మీయుల ప్రాణభయము చూపి వ్రాయించుకొన్న పత్రము స్వేచ్ఛగా వ్రాసినది కాదు. కైక బెదిరింపు వరములిచ్చిన పిమ్మట వచ్చినది గనుక ఆ వరములనే అది దూషితము చేయదు. కాని ఆ బెదిరింపుచే రాజు క్రొత్త పత్రము వ్రాసియుండినచో అది నిలువకపోయెడిది.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరి ప్రశ్న. మాట యిచ్చినది దశరథుడు, పుచ్చుకొన్నది కైక. అడవికి పోవలసినవాడు రాముడు. సింహాసన మెక్కవలసినవాడు భరతుడు. వారిరువురును ఈ ఒప్పందమున పక్షములు కారు. ఇరువురు చేసికొన్న మాట, దానికి ఒప్పుకొనని మూడవవానిని కట్టివేయజాలదు. చట్టప్రకారము రాముని అడవికి పంపు శక్తి ఆ వరములకు లేదు. భరతుని సింహాసనముపై కూర్చుండబెట్టు శక్తియు లేదు.

చట్టము ఆగినచోట

అట్లయినచో రామకథ జరుగవలసినది కాదా యని మీరు అడుగుదురు. ఇచటనే మనము నిలిచి యోచింపవలెను. రాముని ఎవ్వరును అడవికి పంపలేదు. తండ్రి మాట పోకుండుటకై తానై పోయెను. భరతుని ఎవ్వరును సింహాసనమునుండి దింపలేదు. తల్లి తెచ్చిపెట్టిన రాజ్యమును తానై తిరస్కరించి, అన్న పాదుకలకు పట్టము కట్టెను. చట్టము ఒకని బలవంతపెట్టలేదు, మఱియొకని నిషేధింపలేదు. అది ఊరకున్న చోట వారి స్వభావము మాటాడినది.

చట్టము మనకు రెండు మేళ్లు చేయుచున్నది. న్యాయముగ ఇచ్చిన మాటను నవ్వులాటగ త్రోసివేయు పురాధ్యక్షుని చేత కూలి ఇప్పించును. అన్యాయముగ పిండుకొన్న మాటను పట్టుకొని బిడ్డ కొఱకు వచ్చువానిని వాకిట నిలిపివేయును. అంతవఱకే దాని పని. హక్కు ఉన్నంత మేరకు లాగుకొనవలెనా, కొంత విడువవలెనా? ఋణము లేని చోటను ఈయవలెనా? ఇవి న్యాయస్థానము చెప్పునవి కావు. వరమున్నది గదా యని పూర్తిగ వసూలు చేయబోయిన కైకకు దక్కినది భర్తృవియోగము, కుమారుని నిరాదరణ. తన పాలు వదలుకొన్న బిల్బో ప్రశాంతముగ నిల్లు చేరెను.

కావున మాట యిచ్చుటకు ముందు నాలుగు ప్రశ్నలను జ్ఞాపకముంచుకొనుడు. హద్దు లేని మాట నెవ్వరికిని ఈయకుడు. ఇచ్చిన పిమ్మట, చట్టము కనిపెట్టుచున్నదని కాక, మీరే యిచ్చితిరి గనుక నిలుపుకొనుడు. ఇతరుల మాట మీ చేతిలో నున్నపుడు మాత్రము, అది వారి మెడకు ఉరి కాకుండ చూచుకొనుడు.

ప్రశ్నలు

1. ఒప్పందమునకును ఒడంబడికకును గల భేదమును మీ యింట జరిగిన వ్యవహారముల నుండి ఉదాహరణములతో వివరింపుడు.

2. వేణువాదకుని పక్షమున నున్న న్యాయమేది? అతడు చేసిన తప్పేది?

3. పొట్టివానికి రాణి యిచ్చిన మాట చెల్లకుండుటకు గల కారణములను వ్రాయుడు.

4. ఆర్కెన్‌స్టోన్ మణి యెవరికి చెందవలెను? బిల్బో పక్షమున నొకరు, థోరిన్ పక్షమున నొకరు నిలిచి తరగతిలో వాదింపుడు.

5. సభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు మీరు న్యాయమూర్తులైనచో ఏమి తీర్పు చెప్పెదరు?

6. చట్టము బలవంతపెట్టకున్నను రామభరతులు చేసిన పనులను గూర్చి మీ అభిప్రాయమును పది వాక్యములలో వ్రాయుడు.